ఒకే ఓడ, ఒకే క్యాబిన్, దేశానికో రేటు: క్రూజ్ టికెట్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లోనే మూడు దేశాలున్నాయి. నేను హైదరాబాద్‌లో, అక్క న్యూజెర్సీలో, పిన్ని కొడుకు మెల్‌బోర్న్‌లో. అమ్మానాన్నల్ని బార్సిలోనా నుంచి వెళ్లే ఏడు రాత్రుల క్రూజ్‌కి తీసుకెళ్దామని ఒక ఆదివారం ముగ్గురం వీడియో కాల్‌లో కూర్చుని, అదే ఓడ, అదే తేదీ, అదే బాల్కనీ రూమ్ ఎవరి ఫోన్‌లో వాళ్లం తెరిచాం. మూడు స్క్రీన్‌ల మీద మూడు రేట్లు. అప్పట్నుంచి చుట్టాలూ స్నేహితులూ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, ప్రతి ఒక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లిపోవచ్చు.

## అసలు ఈ తేడా ఎక్కడిది

ఓడ ఒకటే, రూమ్ ఒకటే, మరి రేటు వేరే ఏంటండీ? ఇది మోసం కాదా?

మోసం కాదు, వ్యాపారం. పెద్ద క్రూజ్ కంపెనీలకి అమెరికాకో ఆఫీసు, బ్రిటన్‌కో ఆఫీసు, ఆస్ట్రేలియాకో ఆఫీసు అన్నట్టు ఉంటాయి. ఏ మార్కెట్‌కి ఆ రేట్ల పట్టిక, ఆ ప్రకటనల ఖర్చు, ఆ ఏజెంట్ల కమీషన్, ఆ ఆఫర్లు. ఓడ రేవు వదిలాక ఖాళీగా మిగిలిన క్యాబిన్‌కి పైసా రాదు కాబట్టి, ఎక్కడ ఎంతకి కొంటారో అక్కడ అంతకి అమ్మి ఓడ నింపుకోవాలని చూస్తారు. మయామీ నుంచి బయల్దేరే ఓడకి ఫ్లోరిడా వాళ్లు కారేసుకుని వచ్చేస్తారు, వాళ్ల ముందు పక్కపక్కనే నాలుగు కంపెనీల ఓడలుంటాయి, అందుకని అక్కడ రేటు తగ్గించక తప్పదు. అదే ఓడకి మెల్‌బోర్న్ నుంచి వచ్చేవాడు విమానానికే బోలెడు పోసి, ఏడాది ముందే ప్లాన్ చేసుకుని వస్తాడు. అతనికి అంత తగ్గించాల్సిన అవసరం కంపెనీకి కనపడదు. విమానంలో పక్క సీటువాడు మనకంటే తక్కువకి కొన్నాడని తెలిసి ఊరుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ మధ్యలో దేశం సరిహద్దు కూడా ఉంది.

రేటు నా పాస్‌పోర్ట్‌ని బట్టా, నేను ఉండే ఊరిని బట్టా?

ఉండే ఊరిని బట్టే. ఇండియా పాస్‌పోర్ట్‌తో డాలస్‌లో కాపురం ఉంటున్నవాళ్లకి అమెరికా రేటే వస్తుంది. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నా హైదరాబాద్‌కి తిరిగొచ్చి స్థిరపడ్డవాళ్లని చాలా కంపెనీలు ఇండియా మార్కెట్ కిందే చూస్తాయి. పాస్‌పోర్ట్ వీసాల దగ్గర పనికొస్తుంది, రేటు దగ్గర కాదు.

డాలర్ రేటుని రూపాయల్లోకి మార్చి చూస్తే లెక్క కలవట్లేదు, ఎందుకు?

ఏ దేశపు రేటు ఆ దేశపు కరెన్సీలో విడిగా పెడతారు కాబట్టి. మారకం రేటు రోజూ కదులుతుంది, క్రూజ్ రేటు దానితో పాటు రోజూ కదలదు. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటు ఫలితం రాగానే పౌండు ఒక్కరోజులో దబ్బున పడింది గుర్తుందా? అలాంటప్పుడు పౌండ్లలో వేసి ఉన్న పాత రేటు, డాలర్లలో లెక్క కడితే, ఆ కొద్దిరోజులు చౌకగా కనపడుతుంది. పట్టిక సవరించగానే ఆ తేడా పోతుంది. ఇండియాలో కొందరు ఏజెంట్లు డాలర్లలో రేటు చెప్పి, డబ్బు కట్టే రోజు మారకంతో రూపాయలు తీసుకుంటారు, ఆ మారకం రేటు కూడా బ్యాంకు రేటు కంటే కాస్త ఎక్కువే వేస్తారు. కొటేషన్ అడిగేటప్పుడే "డాలర్‌కి ఎంత పట్టారు?" అని ఒక్క మాట అడిగితే సగం విషయం తేలిపోతుంది.

ఇంతకీ ఏ దేశంలో అన్నిటికంటే చౌక?

అలా ఒక దేశం పేరు చెప్పేవాళ్లని నమ్మొద్దు. జనవరి నుంచి మార్చి దాకా అమెరికా, బ్రిటన్‌లలో కంపెనీలు పోటాపోటీగా ఆఫర్లు పెడతాయి, వాళ్లు దాన్ని వేవ్ సీజన్ అంటారు. నవంబర్‌లో బ్లాక్ ఫ్రైడే ఉంటుంది. ఒక దేశంలో ఆఫర్ నడుస్తున్న వారంలో అక్కడ చౌక, పక్క వారం ఇంకోచోట చౌక. ఒకే వారంలో కూడా ఇన్‌సైడ్ రూమ్ (కిటికీ లేనిది) ఒక దేశంలో, బాల్కనీ ఇంకో దేశంలో తక్కువకి దొరకడం నేనే చూశాను.

## రేట్లు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు

అమెరికా సైట్‌లో రేటు చాలా తక్కువ చూపిస్తోంది, నిజంగా అంతేనా?

చాలాసార్లు అంతే కాదు. అమెరికా పద్ధతిలో రేటు తలకి చెబుతారు, అదీ రూమ్‌లో ఇద్దరున్నారనుకుని. ఒంటరిగా వెళ్తే చాలా ఓడల్లో ఇద్దరి డబ్బూ కట్టాల్సిందే. ఒకప్పుడు పోర్టు ఫీజులు, పన్నులు కూడా ఈ పైకి చూపించే రేటులో ఉండేవి కావు, చివరి పేజీలో చావు కబురు చల్లగా చెప్పేవాళ్లు. 2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో తప్పనిసరి ఫీజులన్నీ మొదటి రేటులోనే చూపించాలన్న చట్టం అమల్లోకి వచ్చాక, పెద్ద కంపెనీలు అమెరికా అంతటా పన్నులూ ఫీజులూ కలిపి చూపించడం మొదలుపెట్టాయి. పాత వీడియోలు చూసి "అమెరికా రేటుకి ఇంకా పన్నులు కలపాలి" అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

అయినా టిప్స్, అంటే ఓడ సిబ్బందికని కంపెనీయే బిల్లులో వేసే డబ్బు, మాత్రం బయటే ఉన్నాయి. మామూలు రూమ్‌కి పెద్ద కంపెనీలు రోజుకి తలకి 16 నుంచి 20 డాలర్ల దాకా వేస్తున్నాయి. 18 అనుకుంటే ఇద్దరికి ఏడు రాత్రులకి 252 డాలర్లు. పైకి కనిపించిన "చౌక" చాలాసార్లు ఇక్కడే ఆవిరైపోతుంది.

ఆస్ట్రేలియాలో ఉన్న మా తమ్ముడిని టిప్స్ అడగలేదట, నన్నెందుకు అడిగారు?

ఎందుకంటే అతను ముందే కట్టేశాడు, రేటులో కలిపి. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం తప్పనిసరిగా కట్టాల్సినవన్నీ కలిపి ఒకే మొత్తంగా చూపించాలి. అందుకని అక్కడి రేవుల నుంచి బయల్దేరే ఓడలకి అక్కడ అమ్మే టికెట్లలో టిప్స్ కలిపేయడం మామూలైపోయింది. జర్మనీలో ఇదే విషయం కోర్టు దాకా వెళ్లింది: సర్వీస్ ఛార్జీని, అంటే ఈ టిప్స్‌నే, పక్కన విడిగా రాయడం కుదరదు, ప్రకటించే మొత్తంలోనే కలపాలని అక్కడి ఫెడరల్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ 2015లో తేల్చింది. బ్రిటన్‌లో పీ అండ్ ఓ క్రూజెస్ 2019 నుంచి టిప్స్‌ని విడిగా వసూలు చేయడం మానేసింది, మరెల్లా అనే ఇంకో కంపెనీ ఓడల్లోనూ టిప్స్ టికెట్‌లోనే ఉంటాయి.

కాబట్టి తమ్ముడి రేటు ఎక్కువగా కనపడిందంటే అతన్ని ముంచారని కాదు, మీ రేటు తక్కువగా కనపడిందంటే మీకు కలిసొచ్చిందనీ కాదు.

పోర్టు పన్నులు కూడా దేశాన్ని బట్టి మారతాయా?

మారవు. ఓడ ఏ రేవుల్లో ఆగుతుందో వాటిని బట్టి పడతాయి, మీరు ఎక్కడ కొన్నా ఒకటే. గ్రీస్ 2025 వేసవి నుంచి క్రూజ్ ప్రయాణికుల మీద పన్ను వేసింది, శాంటోరినీ, మైకొనోస్‌లలో రద్దీ నెలల్లో తలకి 20 యూరోలు. గుంటూరు నుంచి వెళ్లినా గ్లాస్గో నుంచి వెళ్లినా అదే 20.

మరి సరిగ్గా పోల్చాలంటే ఏం చేయాలి?

మేం చేసింది చెబుతాను. అక్క పాత క్యాలెండర్ కాగితం వెనక మూడు నిలువు గీతలు గీసింది. మొదటి వరస: ఇద్దరికీ కలిపి చివరి పేజీలో వచ్చిన మొత్తం, "నుంచి మొదలు" అని పైన రాసే రేటు కాదు. రెండో వరస: టిప్స్ లోపలా బయటా. మూడోది క్యాబిన్ కోడ్, అంటే రూమ్ ఏ రకమో చెప్పే గుర్తు. ఇక్కడే దొరికిపోయాం. ముగ్గురం "బాల్కనీ" అనే చూస్తున్నాం కానీ అక్కది గ్యారంటీ బాల్కనీ, అంటే రూమ్ నంబర్ కంపెనీ ఇష్టం, లిఫ్ట్ పక్కన ఇచ్చినా డాన్స్ ఫ్లోర్ కింద ఇచ్చినా నోరెత్తకూడదు. నాది ఓడ మధ్యలో మేం ఎంచుకున్న రూమ్. నక్కకీ నాగలోకానికీ పోలిక పెట్టి అరగంట వాదించుకున్నాం!

నాలుగో వరసలో అడ్వాన్స్ తిరిగొస్తుందా లేదా, ఐదో వరసలో ఓడలో ఖర్చుపెట్టుకోమని ఇచ్చే క్రెడిట్, వైఫై, డ్రింక్స్ ప్యాకేజీ లాంటి కొసర్లు. మీరు వాడని కొసరుకి సున్నా వేయండి. మా ఇంట్లో ఎవరూ తాగరు, డ్రింక్స్ ప్యాకేజీ కలిపిన రేటు మాకు ఎంత గొప్ప ఆఫర్ అయినా దండగే. ఇవన్నీ రాశాక మొదట ఆకాశమంత కనపడిన తేడా రెండు పూటల హోటల్ భోజనం ఖర్చుకి దిగింది.

## బుక్ చేసేటప్పుడు

వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టి అమెరికా సైట్‌లోకి దూరి ఆ రేటుకి కొట్టేయొచ్చా?

రేటు చూడొచ్చు. కొట్టేయడం దగ్గరే మెలిక. బుకింగ్‌లో చిరునామా, ఫోన్ నంబర్, నివాస దేశం అడుగుతారు. హైదరాబాద్ చిరునామా రాస్తే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆగకపోయినా గండం గడిచినట్టు కాదు. నేనోసారి ఈ తెలివి చూపించాను, ఒక కంపెనీ సైట్‌లో అక్క చిరునామా పెట్టి నాకూ మా ఆవిడకీ బుక్ చేశాను. మూడు వారాల తర్వాత మెయిల్: అమెరికాలో ఉంటున్నట్టు రుజువు పంపండి, లేదంటే మీ ప్రాంతం రేటుకి తేడా కట్టండి, లేదంటే రద్దు చేస్తాం. ఈలోగా నేను విమానం టికెట్లు కొనేశాను, అవి రిఫండ్ రావు. తేడా కట్టి నోరు మూసుకున్నాను. అబద్ధం చిరునామాతో కొన్న టికెట్‌కి తర్వాత ఏ గొడవొచ్చినా మాట్లాడే హక్కు మన చేతిలో ఉండదు, వద్దండీ.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, మేం విజయవాడలో. మాకూ కలిపి వాడు బుక్ చేస్తే అమెరికా రేటు వస్తుందా?

తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. వేసవికి అమ్మానాన్న వస్తారు, వాళ్లని బహామాస్ క్రూజ్‌కి తీసుకెళ్లాలి. బుక్ చేసేవాడు అక్కడివాడే, తనూ ఓడ ఎక్కుతున్నాడు, అమ్మానాన్న అదే బుకింగ్‌లో ఉన్నారంటే చాలా కంపెనీలు అభ్యంతరం చెప్పవు. అమ్మానాన్న విడిగా వేరే రూమ్, వేరే బుకింగ్ అయితే కొన్ని కంపెనీలు వాళ్ల నివాస దేశాన్ని విడిగా అడుగుతాయి. ఊహించుకోవద్దు, అబ్బాయిని కంపెనీకి ఫోన్ చేసి "మా పేరెంట్స్ ఇండియాలో ఉంటారు, ఇదే రేటుకి వీళ్లని పెట్టొచ్చా?" అని సూటిగా అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోమనండి. ఉన్నది ఉన్నట్టు చెప్పి తెచ్చుకున్న రేటు తర్వాత టెన్షన్ పెట్టదు.

డబ్బు కంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది: ఓడ బహామాస్ వెళ్లి తిరిగొస్తే అది అమెరికాలోకి కొత్తగా ప్రవేశించినట్టే. పెద్దవాళ్ల వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. వీసా స్టాంప్ గడువు అయిపోయిన హెచ్-1బి పిల్లలు ఎవరి మాటా విని ఓడ ఎక్కొద్దు, లాయర్‌ని అడిగాకే.

ఫ్లోరిడా రెసిడెంట్ రేటు అని చూశాను, నేను ఆ నెల టాంపాలో మా చెల్లి ఇంట్లోనే ఉంటాను కదా?

ఉండటం వేరు, నివాసం వేరు. కొన్ని రాష్ట్రాల వాళ్లకి, 55 దాటిన వాళ్లకి, సైన్యంలో ఉన్నవాళ్లకి ప్రత్యేక రేట్లు ఇస్తుంటారు. రేవు దగ్గర చెక్‌ఇన్‌లో ఆ రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్స్ లాంటిది చూపించమంటారు, చూపించలేకపోతే అక్కడికక్కడే తేడా కట్టాలి. లగేజీ ట్రాలీ పట్టుకుని క్యూలో నిలబడి ఈ బేరం ఆడటం ఎవరికీ సరదా కాదు.

అమెరికా ఏజెంట్‌కి మెయిల్ పెడితే "మీ దేశం వాళ్లకి మేం అమ్మకూడదు" అన్నాడు. అదేం రూలు?

కంపెనీ రూలే. చాలా క్రూజ్ కంపెనీలు తమ ఏజెంట్లకి ప్రాంతాలు పంచిపెట్టాయి. ఒక దేశం ఏజెంట్ ఇంకో దేశం కస్టమర్‌కి అమ్మితే అక్కడి ఏజెంట్లు ఊరుకోరు. అతను మీకు మర్యాదగానే నిజం చెప్పాడు. "పర్లేదు, చిరునామా నేను చూసుకుంటా" అనే ఏజెంట్ దొరికితేనే భయపడాలి.

ఇండియా ఏజెంట్ దగ్గర కొంటే నష్టమేనా?

అన్నిసార్లూ కాదు. సింగపూర్ నుంచి వెళ్లే ఓడల్లో ఇక్కడి ఏజెంట్లు ముందే గుంపుగా రూమ్‌లు పట్టి పెట్టుకుంటారు, వేసవి సెలవుల్లో వాళ్ల రేటు కంపెనీ సైట్ కంటే తక్కువకి దొరికే సందర్భాలుంటాయి. వీసా కాగితాలు, ముగ్గురు నలుగురు పట్టే రూమ్, జైన్ భోజనం, వీటికి తెలుగులోనో హిందీలోనో మాట్లాడే మనిషి ఉంటాడు, దానికీ విలువుంది. ఒక్కటి మాత్రం వదలొద్దు: డబ్బు కట్టాక ఏజెంట్ వోచర్‌తో సరిపెట్టుకోకుండా క్రూజ్ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబర్ అడగండి. దాన్ని కంపెనీ సైట్‌లో కొట్టి, మీ పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉన్నాయా, మీరు కొన్న రకం రూమే పడిందా చూసుకోండి. నంబర్ ఇవ్వడానికి రేపు మాపు అంటున్నాడంటే కంపెనీకి ఇంకా డబ్బు చేరలేదేమో అని అనుమానించాల్సిందే.

## డబ్బు కట్టేటప్పుడు

ఏజెంట్ రేటు మీద టీసీఎస్ అని ఇంకా కలిపాడు, అది అతని లాభమా?

కాదు, టీసీఎస్ అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, మీ పాన్ నంబర్ మీద ప్రభుత్వానికి వెళ్లే డబ్బు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు దీన్ని పట్టి కట్టాలి. 2023 అక్టోబర్ నుంచి ఏడాదికి 7 లక్షల దాకా 5 శాతం, పైన 20 శాతం అన్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ గీతని 10 లక్షలకి జరిపారు. 2026 ఏప్రిల్ నుంచి గీత తీసేసి ఎంతకైనా 2 శాతమే అన్నారు. బడ్జెట్ బడ్జెట్‌కీ కదులుతున్న విషయం కాబట్టి మీరు కట్టే రోజున ఎంతో చూసుకోండి. రిటర్ను వేసేటప్పుడు ఇది మీ పన్నులో తగ్గుతుంది, పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. అందుకని దేశాల రేట్లు పోల్చేటప్పుడు దీన్ని ఖర్చుగా రాయొద్దు, కొన్నాళ్లు ఇరుక్కుపోయే డబ్బుగా రాయండి. జీఎస్టీ అలా కాదు, అది పోయిన డబ్బే.

విదేశీ సైట్‌లో కార్డుతో కడితే ఇంకేమైనా పడుతుందా?

పడుతుంది. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు రుసుము) 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. రెండు లక్షల టికెట్ మీద 3.5 శాతం అంటే ఏడు వేలు, ఊరికే. సైట్ "రూపాయల్లోనే కట్టేస్తారా?" అని ప్రేమగా అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు సాధారణంగా బ్యాంకుది కంటే దారుణంగా ఉంటుంది.

## బుక్ అయ్యాక

నేను కొన్నాక రేటు తగ్గింది. అమెరికాలో మా ఫ్రెండ్‌కి తగ్గించారు, నాకు లేదంటున్నారు!

ఇక్కడే దేశాల మధ్య అసలు తేడా ఉంది, చాలామంది చూడనిది. అమెరికా మార్కెట్‌లో పూర్తి డబ్బు కట్టే గడువు లోపల రేటు తగ్గితే ఫోన్ చేసి తగ్గించమని అడగడం మామూలే. ఆ గడువు చాలా పెద్ద కంపెనీల్లో ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది. తిరిగొచ్చే అడ్వాన్స్ రకం టికెట్ అయితే రద్దు చేసి కొత్త రేటుకి మళ్లీ కొనుక్కుంటారు కూడా. బ్రిటన్‌లో అడ్వాన్స్ సాధారణంగా వెనక్కి రాదు, కాబట్టి రద్దు చేసి మళ్లీ కొందామంటే ఆ డబ్బు వదులుకోవాలి. ఇండియాలో ఏజెంట్ గుంపు రూమ్‌లలోంచి కొన్నవాళ్లకి కంపెనీ తగ్గింపు వర్తించకపోవడమే ఎక్కువ. నా దృష్టిలో కాస్త ఎక్కువ కట్టి, రేటు తగ్గితే మార్చుకునే హక్కున్న టికెట్ కొనడమే మేలు, పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో మరీనూ.

బ్రిటన్ రేటు ఎక్కువైనా అక్కడ రక్షణ ఎక్కువంటారు, నిజమా?

చాలావరకు నిజం. అక్కడ 2018 ప్యాకేజీ ట్రావెల్ నిబంధనలు క్రూజ్‌లకీ వర్తిస్తాయి: కొన్నాక నిర్వాహకుడు రేటు 8 శాతం మించి పెంచితే మీరు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు, ప్రయాణానికి 20 రోజుల లోపు అసలు పెంచకూడదు. క్రెడిట్ కార్డుతో కడితే 1974 నాటి కన్సూమర్ క్రెడిట్ చట్టంలోని సెక్షన్ 75 కింద 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల దాకా ఉన్న కొనుగోలుకి కార్డు బ్యాంకు కూడా బాధ్యత పంచుకోవాలి. లండన్‌లో ఉన్న మన పిల్లలు ఇది తెలియక డెబిట్ కార్డు గీకేస్తుంటారు.

## ఓడ ఎక్కాక

ఓడలో కాఫీ, స్పా కూడా దేశానికో రేటా?

కాదు, మెనూ అందరికీ ఒకటే. ఓడ లెక్కలు ఏ కరెన్సీలో ఉంటాయన్నదే తేడా. రాయల్ కరీబియన్‌లో డాలర్లు, బ్రిటన్ పీ అండ్ ఓలో పౌండ్లు, ఎంఎస్‌సీ కంపెనీ మధ్యధరా సముద్రంలో యూరోలు తీసుకుంటుంది, కరీబియన్‌లో డాలర్లు. ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కునే డ్రింక్స్, వైఫై ప్యాకేజీల రేటు మాత్రం మీ బుకింగ్ కరెన్సీలో కనపడుతుంది.

పక్క రూమ్ వాళ్లు నా కంటే తక్కువకి వచ్చారు, రిసెప్షన్‌లో అడగొచ్చా?

అడగొచ్చు, నవ్వి పంపిస్తారు. డిన్నర్ టేబుల్ దగ్గర రేట్లు మాట్లాడుకోకపోవడం ఆరోగ్యానికి మంచిది.

వైజాగ్ నుంచి, చెన్నై నుంచి వెళ్లే మన కార్డీలియా లాంటి ఓడలకీ ఈ గొడవ ఉందా?

అంత లేదు. 2021లో ముంబై నుంచి మొదలైన కార్డీలియా మన మార్కెట్ కోసమే నడిచే కంపెనీ, రేటు రూపాయల్లో, ఓడలో బిల్లూ రూపాయల్లో. వాళ్ల ఎంప్రెస్ అనే ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్ వాళ్లదే, చేతులు మారి ఇక్కడికొచ్చింది. 2022 జూన్‌లో విశాఖ వచ్చినప్పుడు చూడ్డానికి జనం బాగానే పోగయ్యారు, మరుసటేడాది అక్కడ అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. దేశం లోపలే తిరిగే ట్రిప్‌కి విదేశీ ప్యాకేజీ టీసీఎస్ గోల ఉండదు. పన్నులు, సర్వీస్ ఛార్జీ కలిపారా లేదా అన్నది మాత్రం ఇక్కడా చివరి పేజీ దాకా వెళ్లి చూడాల్సిందే. చెన్నై నుంచి శ్రీలంక వెళ్లే ట్రిప్ అయితే పాస్‌పోర్ట్ కావాలి, అది దేశం దాటినట్టే లెక్క.